ఊరిని అడిగే చట్టం

కల్వకుర్తి తాలూకా పల్లెల్లో ఒకప్పుడు మాలిపటేల్, పోలీసు పటేల్, పట్వారీ ఏది తేలిస్తే అది డప్పు చాటింపుతో ఊరికి తెలిసేది. వినడం ఊరి వంతు. ఊరిని అడగడమన్న మాటే లేదు. 1948 సెప్టెంబరులో నిజాం ఏలుబడి ముగిసినా ఈ ముగ్గురి పెత్తనం మాత్రం కదల్లేదు. 1956లో హైదరాబాద్ గ్రామ పంచాయతీల చట్టం వచ్చినప్పుడు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆయన పుట్టిన పడకల్ ఈ తాలూకాలోదే కావడం మనవాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. మూడేళ్లకు, 1959 అక్టోబరులో, అప్పట్లో ఈ తాలూకా ఉన్న పాలమూరు జిల్లాలోనే, షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. 1964 చట్టం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పద్ధతులను ఒక్కటి చేసింది. అయితే నా లెక్కలో అసలు మలుపు 1984. ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేశాకే పల్లెలో మామూలు మనిషి గొంతుకు చోటు దొరికింది.

ఆ చోటుకు రాజ్యాంగం ముద్ర 1993 ఏప్రిల్ 24న పడింది. 73వ సవరణ గ్రామసభకు పేరుపెట్టి గుర్తింపునిచ్చింది. మరుసటేడు వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో, ఓటర్లలో 10 శాతం మంది గానీ 50 మంది గానీ విషయం రాసి సంతకాలు పెట్టి అడిగితే గ్రామసభ పిలవాలన్న నియమం చేరింది. పై నుంచి వచ్చే ఆజ్ఞకే అలవాటుపడిన పల్లెకు, కింది నుంచి సభను పిలిపించే దారి అది. ఆచరణ వేరే కథ. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద పది కుర్చీలు వేసేవారు, కార్యదర్శి తీర్మానం గబగబా చదివేవాడు, ‘అందరికీ సమ్మతమేనా’ అనేలోపే సగం మంది లేచేవారు. తీర్మానాల పుస్తకం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు పోగేసుకునేది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ తప్పనిసరి చేసి, 500 మంది దాకా ఓటర్లున్న ఊళ్లో 50 మంది ఉంటేనే కోరమని తేల్చింది.

నియమాల కోసం ఆగకుండా ఊరే తీర్పు చెప్పిన సందర్భాలు ఇంకా గొప్పవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన కదలిక, 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. పొరుగున మహారాష్ట్ర ఇదే పనికి ఓటు పద్ధతి పెట్టింది. ఊరి ఆడవాళ్లు కోరితే మద్యం దుకాణం మీద ఓటింగ్ జరిపి, సగానికి మించి కాదంటే మూసేస్తారు. మన దగ్గర అలాంటి నియమం రాకపోవడం లోటే. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒడిశా నియమగిరిలో 12 పల్లెలను అడిగితే, పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఆ వార్త నల్లమల దాకా పాకింది. మన జిల్లాలోని అమ్రాబాద్ అడవుల్లో యురేనియం వేట మీద చెంచులు, రైతులు గట్టిగా నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో శాసనసభే ఆ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

కల్వకుర్తి మాత్రం ఈలోపు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. పట్టణాల కోసం వచ్చిన 74వ సవరణలో గ్రామసభ లాంటిది లేదు; వార్డు కమిటీలు కూడా మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోటనే తప్పనిసరి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, పెద్దలు, ప్రముఖులతో 15 మంది చొప్పున నాలుగు కమిటీలు ఇచ్చింది. మంచిదే. కానీ ఆ అరవై మంది నియమితులైనవాళ్లు. పల్లెలో ఓటున్న ప్రతివాడూ సభ్యుడే. ఊరు పెరిగి పట్టణమైతే ఆ సభ్యత్వం పోతుంది. ఈ చిత్రం ఎవరికీ చిత్రంగా తోచకపోవడమే నాకు వింత.

శ్రీశైలం దారి పొడవునా ఉన్న పల్లెల్లో రెండు నెలలకోసారి ఊరంతా కూర్చోవాలని చట్టం చెబుతుంది. కల్వకుర్తి పట్టణమంతా అలా కూర్చోవలసిన రోజు మున్సిపల్ చట్టంలో ఒక్కటీ లేదు.