ముల్లు తిప్పే మీట

'వాచీకి కీ ఇచ్చావా?' అని మన ఇళ్ళల్లో ఇప్పటికీ అడుగుతారు. గోడ గడియారానికైతే నిజంగానే ఒక తాళంచెవి ఉండేది. చేతి వాచీకి మనలో ఎవరూ ఎన్నడూ తాళంచెవి చూడలేదు, అయినా దానికీ 'కీ' ఇస్తూనే ఉంటాం. వస్తువు పోయినా మాట మాత్రం ఉండిపోయింది.

జేబు గడియారాలకు మాత్రం ఒకప్పుడు కీ ఉండేది. స్ప్రింగు చుట్టాలంటే కేసు తెరవాలి, చిన్న కన్నంలో కీ పెట్టి తిప్పాలి. టైం మార్చాలంటే ముళ్ళ మధ్యలోనో వెనక వైపో ఉన్న చదరపు మొన మీద మళ్ళీ అదే కీ తొడగాలి. తెరిచిన ప్రతిసారీ దుమ్ము లోపలికి పోతుంది. పైగా ఆ కీ వేలి గోరంత ఉంటుంది, అది పోయిందంటే రెండు పనులూ ఆగినట్టే. ఈ బాధ తప్పించడానికి చాలామంది ప్రయత్నించారు. వాళ్ళలో ఎక్కువగా నిలబడిన పేరు ఆడ్రియన్ ఫిలిప్‌ది. ఈ ఫ్రెంచి వాచీ పనివాడు 1844లో పారిస్ ప్రదర్శనలో కీ అక్కర్లేని గడియారం పెట్టాడు. దాన్ని చూసి ముచ్చటపడ్డ ఆంటోని పటేక్ ఆయన్ని తన దగ్గరకు తెచ్చుకున్నాడు. పటేక్ ఫిలిప్ అనే పేరు వెనక ఉన్న కథ ఇదే.

ఒకే క్రౌన్‌తో రెండు పనులు ఎలా? క్రౌన్ నుంచి లోపలికి ఒక కాడ వెళ్తుంది. దాని చదరపు భాగం మీద క్లచ్ అనే చిన్న పళ్ళ గొట్టం ముందుకీ వెనక్కీ జారుతుంది. ఒక వైపు జరిగితే స్ప్రింగు చుట్టే చక్రాన్ని పట్టుకుంటుంది, రెండో వైపు జరిగితే ముళ్ళు తిప్పే చక్రాల్ని. నిమిషాల ముల్లు కూర్చునే కానన్ పినియన్ మధ్య ఇరుసు మీద గట్టిగా అతుక్కుని ఉండదు, బిగువుగా తొడిగి ఉంటుందంతే. అందుకే మనం ముల్లు తిప్పితే అది జారుతుంది, లోపలి చక్రాల మీద బలం పడదు. మనం వదిలేయగానే ఆ బిగువే ముల్లును మళ్ళీ ఇరుసుతోపాటు నడిపిస్తుంది. మొత్తం యంత్రంలో నాకు బాగా నచ్చే ముక్క ఇది. పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి.

ఈ సౌకర్యంలోనే ఒక చిక్కుంది. క్రౌన్ తెలియకుండా బయటికి వచ్చి ఉంటే, కీ ఇస్తున్నాననుకుంటూ మనిషి ముల్లునే తిప్పేయచ్చు. ఇంట్లో అయితే ఏమీ కాదు. ఒంటి పట్టాల మీద ఎదురెదురుగా రైళ్ళు నడిపేవాడి జేబులో అదే జరిగితే ప్రాణాల మీదికొస్తుంది.

1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కిప్టన్ అనే చిన్న ఊరి దగ్గర మెయిల్ రైలూ ప్యాసింజరూ ఢీకొన్నాయి. మెయిల్‌లో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తాలు చనిపోయారు. ఎక్కువగా చెప్పుకునే కథ ప్రకారం ప్యాసింజరు డ్రైవరు వాచీ నాలుగు నిమిషాలు ఆగి, దానంతటదే మళ్ళీ నడిచింది. తనకింకా టైం ఉందనుకుని అతను రైలు పోనిచ్చాడు. ఆ రైల్వే వాళ్ళు క్లీవ్‌లాండ్‌లోని వెబ్ సి. బాల్ అనే నగల వ్యాపారిని పిలిచి గడియారాల తనిఖీ అప్పగించారు. ఆయన పద్ధతి ఒక్కో రైల్వేకీ పాకింది. ఏళ్ళు గడిచేకొద్దీ నియమాలు బిగుసుకున్నాయి. మూతలేని ముఖం, స్పష్టమైన అంకెలు, కనీసం 17 జ్యువెల్స్, అయిదు భంగిమల్లో సర్దుబాటు, వారానికి 30 సెకన్లకు మించని తేడా. వీటితోపాటు లివర్‌సెట్.

అంటే, క్రౌన్ ఎంత లాగినా ముళ్ళు కదలవు. అద్దం బిగించిన ముందు రింగు మర తిప్పి తీయాలి. డయల్ అంచున దాక్కున్న సన్నటి మీటను గోటితో బయటికి లాగాలి. అప్పుడు క్రౌన్ తిప్పి టైం పెట్టి, మీట లోపలికి నెట్టి, మళ్ళీ అద్దం బిగించాలి. పొరపాటున జరిగే పని కాదు.

కానీ ఆలోచించండి. కిప్టన్ కథ నిజమే అయినా అక్కడ ముల్లు ఎవరూ తిప్పలేదు, వాచీ ఆగింది. లివర్ ఉన్నా ఆ ప్రమాదం ఆగేది కాదు. అక్కడ పనికొచ్చేది తరచుగా శుభ్రం చేయించడం, రెండు వారాలకోసారి సరిపోల్చి చూడడం. ఆ తనిఖీని నేను మెచ్చుకుంటాను. ఖరీదైన వాచీని చాలామంది కార్మికులు తమ జీతంలోంచే కొనుక్కోవాల్సి వచ్చిందనీ, తనిఖీ చేసే బాల్ వాచీలు అమ్మే వ్యాపారి కూడాననీ మాత్రం ఆ మెప్పులో మర్చిపోకూడదు.

ఇంతకీ అలాంటి పాత అమెరికన్ వాచీ ఒకటి ఇప్పుడు మీ చేతికొచ్చి, ముళ్ళు కదలడం లేదనుకోండి. మొదట చేయకూడని పని, పటకారుతో క్రౌన్ లాగడం. అది లివర్‌సెట్ అయితే పాడైంది ఏమీ లేదు, మీట వెతకాలంతే. ముళ్ళు సులువుగా తిరిగి, వాచీ టిక్‌టిక్‌మంటున్నా టైం వెనకబడుతుంటే కానన్ పినియన్ బిగువు పోయిందని అనుమానించాలి. దాని గొట్టాన్ని ఒక్క రవ్వ నొక్కి బిగించాలి. మరీ నొక్కితే ముళ్ళు తిప్పినప్పుడల్లా మధ్య చక్రాల మీద భారం పడుతుంది. తిప్పుతుంటే గరగరమని పళ్ళు జారితే క్లచ్ పళ్ళో సెట్టింగు చక్రమో అరిగాయన్నమాట. ఏది విప్పినా ముందు స్ప్రింగు బలం మెల్లగా వదలాలి.

క్రౌన్ లాగి టైం పెట్టే రకంలో తంటా వేరు. చాలా అమెరికన్ వాచీల్లో క్రౌన్‌ని పట్టి ఉంచే ఏర్పాటు యంత్రంలో ఉండదు, కేసు మెడలో స్లీవ్ అనే చీలికల గొట్టంలో ఉంటుంది. యంత్రాన్ని కేసులోంచి తీయగానే లోపలి స్ప్రింగు దాన్ని ముళ్ళు తిప్పే స్థితిలోకి నెట్టేస్తుంది. ఇది తెలియనివాళ్ళు బల్ల మీద పెట్టి చూసి, 'కీ ఎక్కడం లేదు, చెడిపోయింది' అని మంచి యంత్రాన్నంతా విప్పేస్తారు. తప్పు స్లీవ్‌లోనే ఉండొచ్చు. అది మరీ బయటికి ఉంటే కాడ చాలినంత లోపలికి నెట్టదు, కీ ఇస్తుంటే ముళ్ళు తిరుగుతాయి. మరీ లోపలికి ఉంటే క్రౌన్ లాగినా ముళ్ళు అందుకోవు. దానికని ఉన్న రెంచితో కొంచెం కొంచెం తిప్పుతూ పరీక్షించాలి. చీలికలు విరిగితే స్లీవ్ మార్చడమే.

ఈ ఏర్పాటు ఎందుకంటే, అప్పట్లో వాల్తమ్, ఎల్గిన్ వంటి కంపెనీల యంత్రం వేరుగా, కేసు వేరుగా అమ్మేవాళ్ళు. దుకాణంలో దేనికది ఎంచుకుంటే నగలవాడు కలిపి బిగించి ఇచ్చేవాడు. తరవాత బంగారం ధర పెరిగినప్పుడల్లా కేసులు కరిగిపోయి, దిక్కులేని యంత్రాలు వేరే కేసుల్లోకి చేరాయి. అందుకే కొనేముందు కేసు లోపలి అంచు చూడాలి. రెండు జతల మరల గుర్తులుంటే అందులో అంతకుముందు ఇంకో యంత్రం ఉండేదన్నమాట. లివర్‌సెట్ యంత్రాన్ని మీటకు చోటు లేని కేసులో బిగిస్తే మీట బయటికి రాదు. అలాంటి కొన్నిటిలో అంచు మీద వంకరటింకర గాడి ఒకటి కనిపిస్తుంది. ముల్లు తిప్పుకోవడానికి ఎవరో ఆకురాయి పట్టి అరగదీసింది.