ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు కేసు

పాఠాల కోసం పుస్తకాల్లోని భాగాలను జిరాక్సు తీయించుకుంటే ప్రచురణకర్తలకు లైసెన్సు రుసుము కట్టాలా అన్న ప్రశ్నపై 2012 నుంచి 2017 వరకు నడిచిన వ్యాజ్యమిది. చదువుకునేవాడి అవసరానికీ కాపీరైట్‌కూ మధ్య గీత ఎక్కడుందో ఇంత తేటగా చెప్పిన తీర్పులు మన దేశంలో అరుదు.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసు, విశ్వవిద్యాలయం ఇచ్చిన అనుమతితో పేజీకి 40 పైసలకు జిరాక్సు తీసేది. సిలబస్‌లో సూచించిన పుస్తకాల్లో ఒకదాని నుంచి ఒక అధ్యాయం, ఇంకోదాని నుంచి కొన్ని పేజీలు తీసి, అన్నీ కలిపి బైండు చేస్తే అదే ‘కోర్సు ప్యాక్’. ఆ కొద్ది పేజీల కోసం అన్ని పుస్తకాలూ కొనడం మామూలు విద్యార్థికి తలకు మించిన భారం.

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు దుకాణం మీదా విశ్వవిద్యాలయం మీదా ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. ఇండియన్ రీప్రోగ్రాఫిక్ రైట్స్ ఆర్గనైజేషన్ నుంచి లైసెన్సు తీసుకుని తీరాలన్నాయి. అక్టోబరులో వచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కోర్సు ప్యాకులు ఆగిపోయాయి. విద్యార్థులు, అధ్యాపకులు సంఘాలు కట్టి కేసులో చేరారు. ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన రచయితల్లో ఒకరైన అమర్త్యసేన్ సైతం కోర్సు ప్యాకులు లేకుండా చేయవద్దని కోరుతూ లేఖ రాశారు.

వాదమంతా 1957 కాపీరైట్ చట్టంలోని 52(1)(ఐ) సెక్షన్ చుట్టూ తిరిగింది. బోధన క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ చేసుకునే నకలు ఉల్లంఘన కాదని అది చెబుతుంది. ‘బోధన’ అంటే తరగతి గదిలో గంటసేపు చెప్పే పాఠమేనని ప్రచురణకర్తలు వాదించారు. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ వాదన ఒప్పుకోలేదు. కాపీరైట్ పుట్టుకతో వచ్చిన హక్కు కాదు, చట్టం ఇచ్చిన హక్కు అన్నారు. లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకున్న నకలు తప్పు కానప్పుడు, అదే పని యంత్రం చేస్తే తప్పెలా అవుతుంది? తీర్పులో నాకు అన్నిటికన్నా బలంగా తోచే మాట ఇదే.

ప్రచురణకర్తల అప్పీలుపై ఆ ఏడాది డిసెంబరు 9న హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఈ అన్వయాన్ని సమర్థించింది. ఎన్ని పేజీలన్న లెక్క కాదు, బోధనకు ఎంత అవసరమన్నదే కొలమానం అంది. ఆ అవసరం ఎంతో తేల్చేందుకు విచారణ జరపాలంది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకోవడంతో ఆ విచారణ జరగనేలేదు. లైసెన్సుల సంస్థ అప్పీలును మే 9న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

కళాశాల గడప దాటి, సొంతంగా చదువుకునేవారికి 52(1)(ఐ) సెక్షన్ వర్తించదు. పరిశోధనకు, సొంత అవసరానికి న్యాయమైన మేరకు వాడుకోనిచ్చే 52(1)(ఎ) వారికి ప్రధాన ఆసరా.