పెంటదిబ్బలో చరిత్ర

మన హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు సోషల్ మాస్టారు మమ్మల్ని సైకిళ్ల మీద భట్టిప్రోలు స్తూపానికి తీసుకెళ్లారు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వి, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన ధాతు భరిణెలు బయటికి తీశాడని చెప్పారు. చరిత్రంటే స్తూపాలు, శాసనాలు, రాజులు అని అప్పుడే మనసులో పడిపోయింది.

ఇంజనీరునయ్యాక, పాతికేళ్ల కిందట ఒకచోట పునాది గొయ్యి తవ్విస్తున్నాను. ఆరడుగుల లోతున బూడిద చార, అందులో కుండ పెంకులు, పశువుల ఎముకలు, మాడిన గింజలు కనిపించాయి. "పాత పెంటదిబ్బ అయ్యుంటుంది సార్" అన్నాడు మేస్త్రి. గట్టి నేల తగిలేదాకా తీసెయ్యమన్నాను. సాయంత్రానికల్లా అదంతా టిప్పర్లలో వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఉట్నూరు గురించి చదివాను. పాలమూరు ప్రాంతంలోని ఆ ఊరి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లండు పురావస్తు పరిశోధకుడు తవ్వాడు. అది సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి పశువుల దొడ్డి. పోగుపడిన పేడ మళ్లీ మళ్లీ కాలి ఆ దిబ్బ ఏర్పడింది. కంచె గుంజలు పాతిన గుంటలు, పశువుల గిట్టల గుర్తులు కూడా అందులో మిగిలి ఉన్నాయి. ఒక్క శాసనం లేకుండానే పశువుల కాపరుల బతుకు తెలిసింది.

ఎముక ఆకారాన్ని బట్టి అది ఏ జంతువుదో, పళ్ల అరుగుదలను బట్టి దాని వయసెంతో చెబుతారు. ముసలి పశువుల ఎముకలే ఎక్కువగా ఉంటే, వాటిని మాంసానికి కాక పాలకో పనికో పెంచారని ఊహిస్తారు.

గింజలు పట్టే పద్ధతి మన అమ్మలకు తెలిసిందే. పప్పు కడిగితే పొల్లు పైకి తేలుతుంది. అలాగే తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు తేలతాయి. వాటిని సన్నని జల్లెడలో పడతారు. మాడి బొగ్గయిన గింజ కుళ్లదు. కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం లాంటి కొత్త రాతియుగపు ఊళ్లలో ఫుల్లర్, కొరిసెట్టర్, వెంకటసుబ్బయ్య బృందం ఇలాగే వెతికింది. దక్షిణాదిలో ఆనాటి వాళ్లు ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు పండించుకున్నారని ఆ బృందం 2004లో ప్రకటించింది. వరి కోశాక మన చేలల్లో చల్లే పెసలకు అంత పాత వంశం ఉంది.

నేను టిప్పర్లకెత్తించిన మట్టి ఏనాటిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు బూడిద చార కనిపిస్తే పొక్లెయిన్ ఆపించి, ఫొటోలు తీసి, పురావస్తు శాఖకు కబురు చేస్తున్నాను. మన బడి పిల్లలకూ అదే చెబుతున్నాను: మెరక కోసం ఊళ్లో ఎవరైనా దిబ్బ తవ్వుతుంటే, కాసేపు నిలబడి చూడండి. ఎముకో, మాడిన గింజో కనిపిస్తే మీ మాస్టారికి చెప్పండి.