ఉంగరం వద్దన్నవాళ్లు

నోటిదాకా వచ్చిన మాటను మింగేయడం ఎంత కష్టమో ఇల్లు నడిపే మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒక్క మాటతో ఎదుటివాళ్ల నోరు మూయించగలమని తెలిసీ ఊరుకోవాలి చూడండి, అప్పుడే అసలు బలం కావాలి. అందుకేనేమో, ఇంగ్లండులో ప్రొఫెసరు టోల్కీన్ రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలో కత్తియుద్ధాలకన్నా, ఉంగరం వద్దన్నవాళ్లే నాకు ఎక్కువ గుర్తుండిపోయారు.

దుష్టుడైన సౌరాన్ చేసిన ఆ ఉంగరంతో లోకాన్నే లొంగదీయవచ్చు. దాన్ని తీసుకోమని ఫ్రోడో అంటే, మాంత్రికుడు గాండాల్ఫ్ గాభరాగా లేచి వద్దంటాడు. జాలితో, మంచి చేద్దామనే మొదలుపెట్టి చివరికి తనూ అలాంటివాడే అవుతానని ఆయన భయం. అడవి దొరసాని గలాడ్రియెల్ కూడా ఒక్క క్షణం ఊగిసలాడి వద్దనేస్తుంది. కావాలన్నవాడు బోరొమిర్. అతనూ దొంగ కాదు, తన నగరాన్ని కాపాడుకోవాలనుకున్న వీరుడే!

పోనీ, రాసినాయన యుద్ధం ఎరగనివాడా? 1916లో ఫ్రాన్సులో సోమ్ యుద్ధం చూసి వచ్చినవాడు. ఈ నవలను 1937 డిసెంబరులో మొదలుపెట్టాడు. 1945 ఆగస్టులో జపాను మీద అణుబాంబు పడిందని విని నిర్ఘాంతపోయి కొడుక్కి ఉత్తరం రాశాడు. 1954-55లో నవల అచ్చయ్యాక, ఉంగరమంటే బాంబేనన్నారు కొందరు. ఆయన ఒప్పుకోలేదు. నిజం యుద్ధమే ఈ కథకు మూస అయివుంటే, ఉంగరాన్ని లాక్కుని శత్రువు మీదే వాడేవాళ్లు కదా అని తర్వాతి ముద్రణ ముందుమాటలో చురక వేశాడు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఉంగరం దొరికిన కథ 1937లోనే ‘హాబిట్’ అనే పుస్తకంగా వచ్చింది. అందులో గాలమ్ అనే జీవి క్షమించమని, బిల్బోకు దారి చూపి పంపేస్తాడు. కొత్త నవలకు పొసగాలని ఆ ఘట్టాన్ని మార్చాడు టోల్కీన్. 1951 ముద్రణలో, ఉంగరం మహిమతో కనబడకుండా కత్తి పట్టుకు నిలబడ్డ బిల్బో, చంపగలిగీ గాలమ్‌ను జాలిపడి వదిలేస్తాడు. ఆ జాలే చివరికి అక్కరకొచ్చింది. అగ్నిపర్వతం అంచున ఫ్రోడో మనసు మారి, ఉంగరం నాదేనంటాడు. గాలమ్ అతని వేలు కొరికి, ఉంగరంతో సహా మంటల్లో పడిపోతాడు. లోకం బతికిపోతుంది.

మన భారతంలో మాత్రం? అస్త్రం వెయ్యడం అర్జునుడికీ, అశ్వత్థామకీ ఇద్దరికీ వచ్చు. వెనక్కి తీసుకోవడం అర్జునుడికే చేతనయింది. అశ్వత్థామ అస్త్రం పోయి పోయి ఉత్తర కడుపులోని బిడ్డ మీద పడింది. హిరోషిమాలో బళ్లకెళ్లే పిల్లలూ పోయారు. మగవాళ్ల పంతాలకు లెక్క కట్టేది ఎప్పుడూ తల్లులే మరి!