బేరింగు ఉక్కునకు విద్యుదుపచారము

విద్యుత్తు బేరింగునకు శత్రువని కర్మాగారములలో పనిచేయు వారందఱును ఎఱుగుదురు. మోటారు ఇరుసు గుండ దారితప్పి వచ్చిన కరెంటు, గుండునకును వలయమునకును నడుమనున్న పలుచని నూనెపొరను ఛేదించుకొని పోవునపుడు, ఆ తావున లోహము సూక్ష్మప్రమాణమున కరగి గుంటలు పడును. కొంతకాలమునకు గుండ్లు పరుగెత్తు దారి యంతయు అడ్డగీతలు దేఱి, యంత్రము మూలుగ నారంభించును. ఇన్వర్టరుతో వేగమును మార్చు మోటార్లు వ్యాపించిన పిదప ఈ బాధ మఱింత ప్రబలినది. అట్టి విద్యుత్తునే, బేరింగు పనిలోనికి పోకముందు, అత్యల్పకాలముపాటు అధికసాంద్రతతో ఉక్కులోనికి పంపినచో దాని గుణములు మెఱుగుపడునని ఇటీవలి పరిశోధకులు పలువురు ప్రకటించుచున్నారు. ఈ వాదమున సత్యమెంత, ఉష్ణమునకు దక్కవలసిన యశస్సును మనము విద్యుత్తునకు కట్టబెట్టుచున్నామా యను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

నూటికి ఒక పాలు కర్బనమును, ఒకటిన్నర పాలు క్రోమియమును గల ఉక్కు ఇరువదవ శతాబ్ది తొలి దశకమునుండియు గుండ్ల బేరింగులకు ఆధారమై యున్నది. అమెరికనులు దీనిని 52100 అందురు. చైనావారు జీసీఆర్15 అందురు. జపానువారు ఎస్‌యూజే2 అందురు. మన దుకాణములలో ఈఎన్31 అని యడిగిన దొరకును. ఇన్ని పేర్ల వెనుకనున్న ఉక్కు ఇంచుమించుగ నొక్కటియే. దీనిని మొదట దీర్ఘకాలము కాచి, అందలి కార్బైడులను చిన్న గుండ్రని రేణువులుగా మార్చి, లేతుపై కోయుటకు అనువుగా చేయుదురు. పిమ్మట 840 మొదలు 850 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచి నూనెలో ముంచుదురు. తుదకు 150 మొదలు 180 డిగ్రీల వేడిమిలో ఇంచుమించు రెండు గంటలు టెంపరింగు చేయుదురు. ఎఱ్ఱగా కాలిన కొడవలిని నీట ముంచి పదును పెట్టు కమ్మరి యెఱిగిన విద్యయే యిది. ఇచట కొలతయు నియమమును హెచ్చినవి, అంతియే. ఈ క్రమము ముగిసిన ఉక్కున రాక్‌వెల్ సీ మానమున 60కి అటునిటు కాఠిన్యము కలుగును. దాని నిర్మాణమున, వేడిమిలో నుండు ఆస్టెనైటు చల్లార్పుచే మాఱగా కలిగిన మార్టెన్‌సైటు ప్రధానము; కరగక మిగిలిన కార్బైడు రేణువులును, మార్పు చెందక నిలిచిపోయిన కొంత ఆస్టెనైటును దానితో కలసి యుండును. ఈ నిలిచిపోయిన ఆస్టెనైటు పనిలో నుండగా మెల్లమెల్లగ మార్టెన్‌సైటుగా మాఱి పరిమాణమున పెరుగును గావున, సూక్ష్మమైన కొలతలకు కట్టుబడవలసిన బేరింగునకు అది నమ్మదగిన చుట్టము కాదు.

ఇంతగా కుదిరిన ఉక్కునకు క్రొత్త ఉపచార మేల యను వారికి, మరల మరల పడు భారముచే కలుగు లోహశ్రాంతియే సమాధానము. స్వీడను దేశీయుడగు పామ్‌గ్రెన్ 1924లో తలపెట్టి, లండ్‌బెర్గ్‌తో కలసి 1947లో పూర్తిచేసిన సిద్ధాంతము ననుసరించి, గుండ్ల బేరింగు ఆయుర్దాయము భారము యొక్క ఘనమునకు విలోమానుపాతమున నుండును. అనగా భారము రెట్టింపైనచో ఆయువు ఎనిమిదవ వంతునకు పడిపోవును. గుండునకును వలయమునకును స్పర్శ కలుగు తావున అధికతమమైన కోతప్రతిబలము ఉపరితలమునగాక, దానికి కొంచెము లోతున నుండునని హెర్ట్‌జ్ సిద్ధాంతమునుండి తేలుచున్నది. బీట అచటనే, ఏ మలినరేణువు ప్రక్కనో, ఏ పెద్ద కార్బైడు అంచుననో పుట్టి, పైకి ప్రాకి, పెచ్చుగా ఊడును. శూన్యములో కరగించు పద్ధతులు వచ్చి మలినములు తగ్గినవి. ఇక సంస్కరింపవలసినది లోనున్న సూక్ష్మనిర్మాణమే.

విద్యుత్ప్రవాహము లోహముల ప్రవర్తనను మార్చగలదను ఊహ సోవియట్ దేశమున బలపడినది. ట్రోయిట్‌స్కీ, లిఖ్‌ట్‌మన్ అను శాస్త్రజ్ఞులు 1963లో జింకు ఏకస్ఫటికములపై ఎలెక్ట్రాన్ల పుంజమును ప్రసరింపజేసి, వానిని వంగదీయుట సులభమగుచున్నదని కనుగొనిరి. తరువాత ఆ పుంజమునకు బదులు విద్యుత్ స్పందములతోను అట్టి ఫలమునే సాధించిరి. ప్రవహించు ఎలెక్ట్రాన్లు స్ఫటికములోని స్థానభ్రంశ రేఖలను గాలి తెరచాపను త్రోసినట్లు త్రోయునని వారి యూహ. అమెరికాలో కొన్రాడ్ అను పరిశోధకుడు ఈ విషయమును నిష్పక్షపాతముగ శోధించి, వేడిమి వలనను, ఉపరితలమునకే ప్రవాహము పరిమితమగుట వలనను, అయస్కాంతబలపు నొక్కుడు వలనను కలుగు ఫలములను ఒక్కొక్కటిగ తీసివేసిన పిదపగూడ కొంత శేషము మిగులుచున్నదని చెప్పెను. ఆ శేషమునకు కారణమేమన్న వివాదము నేటికిని తీఱలేదు.

ఇచట నిలిచి ఒక చిన్న లెక్క వేసికొనుట మేలు. చదరపు మిల్లీమీటరునకు 1000 ఆంపియర్ల ప్రవాహము ఉక్కు గుండ పోవుచున్నదనుకొందము. ఉక్కు విశిష్టనిరోధమును, ఉష్ణగ్రాహకతను బట్టి చూడగా, సెకనుకు ఇంచుమించు అఱువది వేల డిగ్రీల వేగమున వేడిమి హెచ్చవలెను. కాని ఆ స్పందము నూఱు మైక్రోసెకనులు మాత్రమే నిలిచినచో, హెచ్చు వేడిమి ఆఱు డిగ్రీలే. అట్టి స్పందము లొకదానివెంట నొకటి వేలకొలది పంపినచో మాత్రము ఉక్కు ఎఱ్ఱబడును. అదే ప్రవాహసాంద్రతను పదవవంతునకు తగ్గించి యెడతెగక పంపినచో, రెండు సెకనులైనను కాకుండగనే ముంచుటకు తగిన వేడిమి వచ్చును; కొలిమిలో దానికి నిమిషములు పట్టును. ఇక 1000 ఆంపియర్ల సాంద్రతలోనైనను ఎలెక్ట్రాన్లు సమష్టిగా సాగు వేగము సెకనుకు కొన్ని సెంటీమీటర్లే! ఎలెక్ట్రాన్ గాలి ప్రచండమారుతము కాదని ఇందువలన తెలియుచున్నది. కనుక ఎవరైనను విద్యుత్తు వలన ఫలము కలిగినదని చెప్పినప్పుడు, ఉక్కు ఎంత వేడెక్కినది, ఎంతకాలము వేడిమిలో నున్నది యను ప్రశ్న మొదట వేయవలెను.

ఇట్లన్నంత మాత్రమున ఈ ఉపచారమును నేను తక్కువచేయుట లేదు. అతిశీఘ్రముగ వేడెక్కుటయే ఒక విశేషము. ఆస్టెనైటు కణములు పుట్టిన వెంటనే పెరుగుటకు వ్యవధి చిక్కదు. చల్లార్చినపుడు వానినుండి జనించు మార్టెన్‌సైటు సన్ననిదై, కాఠిన్యమును కోలుపోకుండగనే దార్ఢ్యమును పొందును. అయితే ఇందు ఒక చిక్కు కలదు. కార్బైడులు కరగుటకును వ్యవధి కావలెను. క్రోమియముతో కూడిన కార్బైడు తొందరగా కరగునది కాదు. వేగము మితిమీరినచో చుట్టునున్న ఉక్కునకు చాలినంత కర్బనము చేరక, కాఠిన్యమే కొఱవడును. సన్ననికణము, చాలినంత కర్బనము అను రెండింటికిని సంధి కుదుర్చుటలోనే పరిశోధకుని నేర్పంతయు నున్నది.

విమానయంత్రముల బేరింగులకు వాడు ఎమ్50 ఉక్కు విషయము ఇంకను ఆసక్తికరము. నూటికి నాలుగు పాళ్ల చొప్పున క్రోమియమును, మాలిబ్డినమును, ఒక పాలు వెనేడియమును గల ఈ ఉక్కును 540 డిగ్రీల ప్రాంతమున పలుమాఱులు టెంపరింగు చేయవలెను. దానిలోని పెద్ద కార్బైడులను కొలిమి మాత్రమే లొంగదీయజాలదు. చైనాలోని వుహాన్ నగర పరిశోధకులు మొదలగువారు ఇట్టి ఉక్కులపై విద్యుత్ స్పందములను ప్రయోగించి, నిర్మాణమును గుణములను మార్చు యత్నములు చేయుచున్నారు. నాకు మిక్కిలి విశ్వసనీయముగ తోచునది సూక్ష్మమైన బీటల విషయము. ప్రవాహము బీట నడ్డముగ దాటలేక దాని కొనల చుట్టు తిరిగి పోవును. అందుచే కొనకడ ప్రవాహము గుమిగూడి, ఆ తావు మాత్రమే మిక్కిలి వేడెక్కి, చల్లని పరిసరములు త్రోయుచుండగా బీట నొక్కుకొని మూసికొనిపోవును. కొలిమి ఎన్నడును ఈ విచక్షణ చూపజాలదు. అది దోషమున్న తావును, లేని తావును సమముగ కాచును. విద్యుత్తునకు స్వకీయమని నిస్సంశయముగ చెప్పదగిన మేలు ఇదియే.

ప్రయోగశాలలో పలుచని ముక్కపై కుదిరినది కర్మాగారమున వలయముపై కుదురునా? పది మిల్లీమీటర్ల వ్యాసముగల కడ్డీకి, చదరపు మిల్లీమీటరునకు 1000 ఆంపియర్లను పై సాంద్రతను కలిగింప నెంచిన, ఇంచుమించు డెబ్బది ఎనిమిదిన్నర వేల ఆంపియర్లు కావలెను. గుండునకు రెండు ప్రక్కల ఎలెక్ట్రోడులు తాకించినచో, తాకిన బిందువుకడ ప్రవాహము గుమిగూడి అచటనే లోహము మాడిపోవును. వలయమునకు ఎదురెదురుగ తాకించినచో, దగ్గఱి దారియగు లోపలి యంచున ప్రవాహము హెచ్చి, వెలుపలి యంచున తగ్గును. ట్రాన్స్‌ఫార్మరు నడుమ వలయమునే ఒక చుట్టుగా నమర్చి ప్రేరణచే ప్రవాహమును పుట్టించుట మేలని నా యభిప్రాయము. బేరింగులను ఇరుసున కెక్కించుటకు ముందు వెచ్చజేయు ఇండక్షన్ హీటరు నేడు చేయుచున్న పని యదియే. శీఘ్రస్పందము ఉపరితలమునకు దగ్గఱగనే ప్రవహించునను దోషము గూడ ఇచట గుణముగ మాఱవచ్చును. ఏలయన, శ్రాంతి పుట్టు తావును ఉపరితలము చెంతనే యున్నది గదా. పని ముగిసిన పిదప అయస్కాంతత్వమును తొలగించుట మాత్రము మఱువరాదు. లేనిచో ఇనుపరజను ఆకర్షించి బేరింగు తనను తానే అరగదీసికొనును.

ఈ రంగమున పనిచేయు యువపరిశోధకులకు నా మనవి రెండు మాటలు. విద్యుదుపచారము పొందిన ప్రతి ముక్కకును, కరెంటు లేకుండ అంతే వేగమున అంతే వేడిమికి కాచిన తోడుముక్క నొకదానిని సిద్ధపఱుపుడు; రెండింటి తేడాను మాత్రమే విద్యుత్తు ఖాతాలో వేయుడు. కాఠిన్యపు అంకెతో తృప్తిపడక, ఆ ఉక్కుతో చేసిన గుండ్లను వలయములను భారముక్రింద పెచ్చులూడువఱకు త్రిప్పి, ఆయుర్దాయమును ప్రకటింపుడు.