పారాచూటు సైనికుల తపాలా బిళ్ల

1983వ సంవత్సరము జులై 6వ తేదీన బ్రిటిష్ తపాలా సంస్థ తమ దేశ సైనికుల ఉడుపులను చూపు అయిదు బిళ్లలను వెలువరించెను. 1633లో ఏర్పడిన రాయల్ స్కాట్స్ దళమునకు 350 ఏండ్లు నిండుట అందులకు సందర్భము. మొదటి నాలుగు బిళ్లలయందును వెనుకటి కాలపు సైనికులే కనబడుదురు. అయిదవదియగు 31 పెన్సుల బిళ్లపై మాత్రము పారాచూటు రెజిమెంటు సైనికులు ఆనాటి ఉడుపుతోనే నిలిచియుందురు. మూడున్నర శతాబ్దముల దళము సరసన నలువది యేండ్ల దళమునకు చోటు లభించెను. ఆ చోటు వెనుక నున్న చరిత్ర ఎరుగదగినది.

1940 మే నెలలో జర్మను సైనికులు విమానములనుండి హాలెండుపై దిగి వంతెనలను పట్టుకొనిరి. అది చూచిన ప్రధాని చర్చిలు, కనీసము అయిదువేల మందితో అట్టి సేన తమకును కావలయునని జూన్ 22వ తేదీన ఆదేశించెను. 1942 ఆగస్టులో పారాచూటు రెజిమెంటు రూపొందెను.

దాని కీర్తికి మూలస్తంభము ఓటమితో ముగిసిన ఒక యుద్ధము. 1944 సెప్టెంబరు 17వ తేదీన బ్రిటిష్ సైన్యము హాలెండునందలి ఆర్న్‌హెమ్ చెంత దిగెను. జాన్ ఫ్రాస్టు నాయకత్వమున సుమారు 740 మంది రైను నదిపై వంతెన ఉత్తరపు కొసను చేరి, 21వ తేదీ ఉదయమువరకు నిలిచి పోరాడిరి. సాయము రావలసిన సేన సకాలమున రాలేదు. ఆర్న్‌హెమ్ పోరునకు వెళ్లిన సుమారు పదివేల మందిలో నది దాటి మరలినవారు 2,400 మందికి లోపే. పిదప డచ్చివారు ఆ వంతెనకు ఫ్రాస్టు పేరే పెట్టిరి.

బిళ్ల వెలువడుటకు ముందటి యేడు, 1982లో, ఈ దళమువారు ఫాక్‌లాండు దీవులలో పోరిరి. అచ్చట వారు ఆకాశమునుండి దిగలేదు. ఓడలపై వచ్చి కాలినడకనే యుద్ధము చేసిరి. ఆ యుద్ధమున ఈయబడిన రెండు విక్టోరియా క్రాసులును ఈ దళపువారికే, మరణానంతరమున, దక్కినవి.

ఇది యొక పార్శ్వము. 1972 జనవరి 30వ తేదీన ఉత్తర ఐర్లండునందలి డెర్రీ నగరమున పౌరహక్కుల ఊరేగింపు జరుగుచుండగా ఈ దళపు మొదటి బెటాలియనువారు కాల్పులు జరిపిరి. 13 మంది మరణించిరి. గాయపడిన మరియొకరు తరువాత కన్నుమూసిరి. అదే యేట జరిగిన విచారణ సైనికులను చాలవరకు సమర్థించెను. మృతుల బంధువులు విడువక పోరాడగా 1998లో సావిల్ విచారణ ఏర్పడెను. కాల్పులకు గురియైనవారిలో ఎవ్వరివలనను ప్రాణభయము లేకుండెనని 2010 జూన్ 15వ తేదీన అది తేల్చెను. నాటి ప్రధాని కామెరాన్ ఆ దినముననే పార్లమెంటునందు ప్రభుత్వము పక్షమున క్షమాపణ కోరెను.

1983లో ఆ 31 పెన్సుల బిళ్ల లండనులోను డెర్రీలోను ఒక్క రీతినే చెల్లెను. ఆర్న్‌హెమ్‌ను తలచువారికి అది గౌరవచిహ్నము. డెర్రీ వీధిలో కుమారుని పోగొట్టుకొన్న తల్లి, అప్పటికి న్యాయమైన తీర్పు రాకముందే, అదే బిళ్లను తన యింటికి వచ్చిన ఉత్తరముపై చూడవలసియుండెను. ఫ్రాస్టు వంతెన నెంత నిజమో డెర్రీ వీధియు నంత నిజము; ఒకటి రెండవదానిని చెరుపజాలదు. బిళ్లపై స్థలము స్వల్పము, అందు గౌరవమునకే చోటు. తక్కిన కథ తెలియగోరువారు గ్రంథాలయమునకు రావలసినదే.