కూనవరం సంగమం: వలలు, విల్లంబులు, చట్టాలు

గోదావరికి ఎడమగట్టున శబరి వచ్చి కలిసేచోట ఉన్న కూనవరం గురించి ఇంతవరకు వచ్చిన రాతల్లో ప్రభుత్వాలు మారిన తేదీలే ఎక్కువగా కనిపిస్తాయి. 1860లో నైజాము గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు వదులుకోవడంతో ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సుల పాలనలోకి పోయి, 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలతో పాటు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చింది; 1959లో ఖమ్మం జిల్లాకు, 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల్లో ఒకటిగా తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఇన్ని కచేరీల కింద నలిగిన ఊళ్ళో జనం ఏం తిని బతికారో, దాన్ని దేనితో పట్టుకున్నారో ఆ తేదీలు చెప్పవు. ఆ సంగతి కోయల ఇళ్ళ చూరుల్లో దోపిన బాణాలు, శబరి ఒడ్డున ఆరవేసిన వలలు, వాగులకు అడ్డంగా మిగిలిన రాళ్ళ వరుసలు చెబుతాయి. పనిముట్టు మారిన ప్రతిసారీ దాని వెనుక ఒక కొత్త చట్టమో, ఒక కొత్త సరుకో, ఒక ఆనకట్టో ఉండడం వల్ల ఈ వ్యాసం ఆ పనిముట్ల వెంటనే నడుస్తుంది.

ముందుగా నీటి స్వభావం చెప్పుకోవాలి. ఒడిశా కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టి, దారిలో సీలేరును కలుపుకొని వచ్చే శబరి మామూలు రోజుల్లో తన నీటిని గోదావరిలో పోసి ఊరుకుంటుంది గాని, గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఆ నీరు శబరిని ముందుకు పోనివ్వక వెనక్కి ఎగదన్నుతుంది. ఇలా వెనక్కి మళ్ళిన నీటిని ఇక్కడివారు ఎగపోటు అంటారు. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా నీటిమట్టం చేరిన రెండు వరదల్లోనూ కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాలు మునగడానికి ఈ ఎగపోటు ఒక ముఖ్య కారణం. ఇళ్ళు ముంచే ఈ నీరే చేపను వాగుల్లోకి, పొలాల్లోకి తెస్తుంది. తొలకరి నీటికి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేప పల్లపు పొలాలదాకా పోయి, నీరు తీసేటప్పుడు తిరిగి నదిలోకి దిగక తప్పదు. సంగమంలో పాత చేపలవేట అంతా దాదాపుగా ఈ దిగే దారిని కాచుకోవడం మీదే నిలబడింది.

అందుకు వాడిన సాధనాల్లో మొదట చెప్పవలసింది మావు. సన్నగా చీల్చిన వెదురు బద్దలను అడవి తీగెలతో అల్లి, ఒక కొస వెడల్పుగా, మరో కొస మూసుకుపోయేట్టు చేసిన పొడవాటి బుట్ట ఇది. దీని మూతిలో లోపలివైపుకు వాలిన బద్దల గరాటు ఒకటి ఉండడం వల్ల, నీటి ఒరవడితో లోపలికి వచ్చిన చేప తిరిగి బయటికి రాబోతే ఆ బద్దల మొనలు అడ్డుపడతాయి. వాగుకు అడ్డంగా రాళ్ళు, మట్టి, కంపతో కట్టు కట్టి, దానిలో ఒకటి రెండు చోట్ల మాత్రమే సందు వదిలి, ఆ సందులో మావు మూతిని వరదకు ఎదురుగా నిలుపుతారు. మావు పెట్టిన మనిషి రాత్రంతా నీళ్ళలో ఉండనక్కర లేదు, తెల్లవారుజామున వచ్చి తీసుకుంటే చాలు. ఊత దీనికి పూర్తిగా భిన్నమైనది: పైనా కిందా నోళ్ళు తెరిచి ఉండే వెదురు బుట్టను మోకాలి లోతు నీళ్ళలో పొడుస్తూ నడిచి, చేప లోపల చిక్కి కొట్టుకుంటున్నట్టు చేతికి తగలగానే పై నోటిలోంచి చెయ్యి పెట్టి పట్టుకునే పనిముట్టు. కొరమీను, మార్పు, బొమ్మిడాయి వంటి బురద చేపలకు ఊత, పరిగెలకు మావు అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

నది నడుమ పని వలది. విసురువల అంటే గుండ్రంగా అల్లి, అంచు చుట్టూ సీసపు గుళ్ళు కట్టి, మధ్యకొసకు తాడు బిగించి ఒక్కడే విసిరే వల. దీన్ని విసరడంలో నేర్పంతా చేతిబలంలో కాక మడతలో ఉంటుంది. తాడు కొసను ఎడమ మణికట్టుకు చుట్టుకొని, వలలో కొంత భాగాన్ని మోచేతి మీద వేసుకొని, గుళ్ళ అంచులో కొంత కుడిచేతికి తీసుకొని నడుము తిప్పి వదిలితే, వల గాలిలోనే పూర్తిగా విచ్చుకొని, అంచు అంతా ఒక్కసారే నీటిని తాకాలి. ఒక పక్క ముందు పడితే ఆ చప్పుడుకు చేప రెండో పక్కనుంచి జారిపోతుంది. వల రంధ్రాన్ని కన్ను అంటారు, దాని కొలత వేళ్ళ లెక్కన సాగేది: రెండు వేళ్ళు దూరే కన్ను పరిగె, జెల్లలకు, నాలుగు వేళ్ళు దూరేది బొచ్చె, రాగండి వంటి పెద్ద చేపలకు. నైలాను రాకముందు వలలు జనుము నారతోనో నూలుతోనో అల్లి, కుళ్ళకుండా తుమ్మచెక్క ఉడికించిన కషాయంలో నానబెట్టి, ఎర్రగా మాడిన రంగు వచ్చాక ఆరవేసేవారు. ఈ పని వానాకాలమంతా మళ్ళీ మళ్ళీ చేయవలసి రావడంతో, వల ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ దాని పనిమీదే ఉండేవారు. వాలుగ వంటి పెద్ద మాంసాహారి చేపలకు మాత్రం వల కంటే గాలమే నమ్మకం. పొడవాటి తాడుకు వరుసగా గాలాలు కట్టి, వానపామునో చిన్న కప్పనో ఎరగా గుచ్చి, రెండు కొసలకూ రాళ్ళు వేసి సాయంత్రం మడుగులో దింపి పొద్దున తీసేవారు.

వేసవిలో శబరి పాయలు విడిపోయి మడుగులు మిగిలినప్పుడు మరో పద్ధతి ఉండేది. మంగకాయలు దంచి, లేదా జెముడు పాలు పిండి మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. ఆ చేపను మనిషి తింటే హాని ఉండదని అనుభవం. ఇది ఒంటరి మనిషి చేసే పని కాదు, గూడెమంతా కలిసి ఒక రోజు పెట్టుకొని, దొరికింది పంచుకునే పని. 1897 నాటి భారత మత్స్య చట్టం నీటిలో విషం కలపడాన్ని, పేలుడు పదార్థాలతో చేపలు చంపడాన్ని నేరాలు చేసింది. ఈ రెండింటికీ నిజానికి పోలిక లేదు: మంగకాయ మత్తు ఆ ఒక్క మడుగుతో పోతుంది గాని, రోడ్ల పనులతో పాటు ఏజెన్సీలోకి వచ్చిన తూటాలు గుడ్డునూ పిల్లనూ కూడా మిగలనివ్వవు. చట్టం రెండింటినీ ఒక్కగాటన కట్టినా, ఎక్కువ నష్టం చేసింది రెండోదే.

ఇక అడవి వైపు వస్తే, ఈ కొండల్లో పెద్ద జింక కణితి. ముదురు గోధుమరంగు ఒళ్ళు, బరువైన కొమ్ములు, రాత్రిపూట మేసే అలవాటు ఉన్న జంతువు ఇది. మందలుగా తిరిగే చుక్కల దుప్పి మైదానం అంచుల్లో ఎక్కువ, కుందేలంత పొడవుండే మూషిక జింక దట్టపు పొదల్లో మాత్రమే ఉంటుంది. వేటకు కోయలు, కొండరెడ్లు వాడింది వెదురు విల్లు. నారి కూడా చీల్చిన వెదురు బద్దదే కావడం వల్ల వానకు తడిసినా సాగిపోదు. పిట్టలకు మొద్దుబారిన కొయ్యమొన బాణం, జంతువుకు ఇనుప ములికి ఉన్న బాణం. ములికిని కమ్మరి చేయాలి కాబట్టి అడవి లోతుల్లోని గూడెం కూడా సంతకు కట్టుబడే ఉండేది.

వేట రెండు విధాలు. మొదటిది మాటు, అంటే జంతువు వచ్చే చోట ముందే దాగి ఉండడం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే కాలంలో కణితి, దుప్పి రాత్రిళ్ళు ఆ చెట్ల కిందికి వస్తాయి కాబట్టి పక్క చెట్టు మీద మంచె కట్టుకొని కూర్చునేవారు. గిట్టల జాడ, పెంటికల తడి, కొమ్ముల రాపిడితో బెరడు లేచిన చెట్టు చూసి రాక ఎప్పుడో అంచనా వేసినా, గాలివాటు తప్పితే ఆ అంచనాలన్నీ వృథా; మనిషి వాసన అందిన కణితి ఒక్కసారి గట్టిగా అరిచి, నేల తన్ని పోతుంది. రెండోది తోలివేట. కొందరు డప్పులు కొడుతూ, కేకలు పెడుతూ కొండ ఒకవైపునుంచి అడవిని తోలుకొస్తే, తక్కినవారు జంతువు దాటే కనుమల్లో విల్లు ఎక్కుపెట్టి నిలుచునేవారు. ఇక్కడే సంగమపు ప్రత్యేకత కనిపిస్తుంది. రేసుకుక్కలు తరిమినా మనుషులు తరిమినా కణితి చివరికి నీళ్ళలోకి దిగి, లోతులో నిలబడి కాచుకుంటుంది. కొండలు నేరుగా నదిలోకి దిగే ఈ ప్రాంతంలో ఆ నీళ్ళు గోదావరో శబరో అవుతాయి. అందువల్ల తోలివేటలో ఒడ్డున నాటుపడవకు కూడా పని పడేది. ఒకే మాను మొదలు తొలిచి చేసే ఈ పడవ పగలు వేటకు, రాత్రి గాలాలకు పనికి వచ్చేది.

మాంసంలో మొదటి బాణం ఎవరిదో వారికి వేరు వాటా, మిగిలింది తోలినవారితో సహా అందరికీ. అయినా వేట గురించి చెప్పుకొనేదానికి, వేటవల్ల కడుపు నిండినదానికి చాలా తేడా ఉంది. ఏడాది పొడవునా ఈ గూడేలను బతికించినవి అడవి నరికి కాల్చి సాగు చేసే పోడులోని జొన్న, గడ్డలు, జీలుగుకల్లు, చేప. కణితి మాంసం ఎప్పుడో దొరికే విందు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ పాపికొండల రెడ్ల మీద 1945లో ప్రచురించిన పుస్తకం పేరులో అడవిదున్న ఉన్నా, ఆ జీవితానికి ఆధారంగా అందులో కనిపించేది పోడే.

వేటకు ఆహారం కంటే పెద్ద చోటు పండుగలో ఉంది. విత్తనాలు చల్లే ముందు కోయలు జరుపుకొనే భూమి పండుగలో, అంటే విజ్జ పండుంలో, మగవారు రోజుల తరబడి అడవికి వేటకు పోవాలి. ఆ రోజుల్లో ఊరు ఆడవారి చేతిలో ఉంటుంది. దారికి అడ్డంగా తాడు పట్టుకొని పాటలు పాడుతూ, వచ్చిన బండినల్లా ఆపి డబ్బు వసూలు చేస్తారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన వేటగాళ్ళకు పేడనీళ్ళు, ఎగతాళి తప్పవు. బయటివారికి ఇది సరదాగా కనిపించవచ్చు గాని, విత్తనం మొలకెత్తడానికీ వేట దొరకడానికీ ముడి ఉందన్న నమ్మకం దీనికి మూలం.

ఈ ముడి మీద మొదటి కత్తి పోడు విషయంలో పడింది. రేకపల్లి తాలూకా మద్రాసు పాలనలోకి వచ్చాక పోడు మీద పన్ను బాగా పెంచి, కొన్నిచోట్ల పోడునే అడ్డుకున్నారు. కిందనున్న రంప దేశంలో మన్సబుదారు దౌర్జన్యం, కల్లు మీద వేసిన చిగురుపన్ను కారణంగా 1879లో లేచిన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి అదే కారణం. అంతకు ఏడాది ముందే, 1878లో, వచ్చిన ఆయుధాల చట్టం తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో నిబంధనలకు విరుద్ధంగా వేటాడడం, చేపలు పట్టడం, నీటిలో విషం కలపడం, ఉచ్చులు పన్నడం నేరాలుగా ఒకేచోట రాసింది. గూడెం జీవితంలో వేట, వల రెండూ ఒకటేనని ఆ చట్టం రాసినవారికి తెలియకపోయినా, వారి చేతిలో అవి ఒకే వాక్యంలోకి చేరాయి. అనుమతి కాగితం జేబులో పెట్టుకొని వచ్చిన దొర చేసింది షికారు, అతనికి జాడ చూపి, అడవి తోలి, కణితిని ఎదురుగా నిలబెట్టిన కోయ సొంతానికి చేస్తే అది దొంగవేట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ తేడా క్రమంగా పోయి, వేట అందరికీ నిషిద్ధమైంది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. విజ్జ పండుంలో విల్లు ఇంకా చేతికి వస్తుంది గాని, ఆ వేట ఆచారంగా మిగిలింది. జింకకు ఇప్పుడున్న ముప్పు విల్లు కాదు. పొలాల అంచున, నీటి దారుల్లో దొంగతనంగా లాగే కరెంటు తీగె, సైకిల్ బ్రేకు తీగెతో పన్నే ఉచ్చు. వీటికి జాడ చదవడం, గాలివాటు చూడడం అక్కర లేదు, పన్నినవాడు పక్కన ఉండనక్కర లేదు. తీగె తగిలిన ఎద్దునూ మనిషినీ కూడా అది విడిచిపెట్టదు.

నదిలో మార్పు దీనికంటే నెమ్మదిగా వచ్చింది. నైలాను దారం దొరికాక తుమ్మచెక్క కషాయం, దానితో పాటే వల ఎండబెట్టుకొనే వేళలు పోయాయి. వల చవకై, కన్ను చిన్నదై, నాలుగు వేళ్ళ లెక్క పాతబడింది. దోమతెరలాంటి వలలతో పిల్లచేపను కూడా ఊడ్చేవారు పెరిగాక మావు పెట్టే వాగుల్లో దిగే చేప తగ్గింది. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులసకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అప్పుడే అడ్డుపడింది. 1873లో భారత మంచినీటి చేపలపై ఫ్రాన్సిస్ డే ఇచ్చిన నివేదికలో ఆనకట్టలు చేపల రాకపోకలకు చేసే హాని పెద్ద చర్చ. ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టుల్లో పులస ధర వేలల్లో పలికేది ధవళేశ్వరానికి దిగువనే, సంగమం దాకా ఆ సందడి రాదు.

దిగువన కడుతున్న పోలవరం జలాశయం 150 అడుగుల మట్టానికి నిండితే, ఎగపోటు వచ్చి పోయేది కాక నిలిచి ఉండేది అవుతుంది. ఒరవడి లేని నీటిలో మావుకు పని ఉండదు, ఎండాకాలపు మడుగులు ఉండవు, ఊత పొడిచే మోకాలి లోతు ఉండదు. నిలవనీటికి పొడవాటి వలలు, మోటారు పడవలు, లైసెన్సులు కావాలి. ఆ పనికి కోయలకంటే దిగువనుంచి వచ్చే జాలర్లకే అనుభవం ఎక్కువ. పునరావాస కాలనీలకు తరలినవారికి నదీ అడవీ రెండూ దూరమైనాయి. ప్రాజెక్టు స్పిల్‌వేలో చేపలు ఎక్కిపోవడానికి మెట్లదారి ఒకటి కట్టారు, అందులో పులసను ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకున్నారు. అయితే ఆ మెట్లదాకా రావాలంటే పులస ముందు ధవళేశ్వరం బ్యారేజీ దాటాలి, అది తలుపులు ఎత్తిన వరద రోజుల్లో మాత్రమే కుదిరే పని.